ముక్క జారినా ఫర్వాలేదు!

పేకముక్కలంటే మన ఇళ్లలో భయం. ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. అయితే పందెం లేకుండా, అసలు ఆటే లేకుండా, వేళ్ల నైపుణ్యం కోసం మాత్రమే ముక్కలు పట్టుకునే పిల్లలు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. వాళ్లను ఆపాలా? పెద్దవాళ్లం మనమూ నేర్చుకోవచ్చా? చేతికి మేలెంత, కీడెంత?

మీ అబ్బాయి గదిలో పేకముక్కల కట్ట కనిపిస్తే మీరేం చేస్తారు? నేనైతే లాక్కున్నాను.

సంక్రాంతి సెలవులు. భద్రాచలంలో నైట్ డ్యూటీ ముగించుకుని ఖమ్మంలో ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పదో తరగతి చదివే మా అబ్బాయి మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఒంటిచేత్తో పేకకట్టను రెండుగా విడదీసి, పై సగాన్ని కిందికి, కింది సగాన్ని పైకి తెస్తున్నాడు. సగంలో ముక్కలు జారి మంచం మీద పడ్డాయి. ఏరుకుని మళ్లీ మొదలుపెట్టాడు. నేను గదిలోకి వచ్చిన సంగతి కూడా వాడు గమనించలేదు.

కట్ట లాక్కుని అల్మరాలో పెట్టి తాళం వేశాను. వాడు ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. ‘అమ్మా, ఇందులో ఎవరూ ఓడిపోరు. ముక్క జారితే తీసుకుంటాను, అంతే’ అన్నాడు.

నా కోపం వాడి మీద కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న పేకాటలో రెండెకరాల మిరపచేను పోగొట్టుకున్నారు. సత్తుపల్లి వైపు ఓ మామిడితోటలో ఆడేవారు. చేను పోయాక అమ్మ ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి ఇంతవరకూ నాన్న ముక్క ముట్టలేదు. మా ఇంట్లో పేకముక్క అనే మాట కూడా ఎవరూ ఎత్తరు.

ఆసుపత్రిలో కనిపించేది ఇంకో రకం. ఫోన్‌లో రమ్మీకి అలవాటుపడి, అప్పుల్లో కూరుకుపోయి, ప్రాణం మీదకు తెచ్చుకున్న ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి ఓ రాత్రంతా కనిపెట్టుకుని కూర్చున్నాం. బతికాడు. తెల్లవారాక వాళ్లమ్మ నన్ను అడిగిన మాట మాత్రం మర్చిపోలేను. ‘మేడమ్, వాడు ఇంట్లోనే ఉన్నాడు కదా, ఎక్కడికీ పోలేదు కదా. మరి ఎప్పుడు ఆడాడు?’

ఇవన్నీ తలలో ఉన్న మనిషికి పిల్లవాడి చేతిలో పేకకట్ట పేకాటలాగే కనిపిస్తుంది. వారం రోజులు పట్టింది, వాడు చేస్తున్నది వేరని ఒప్పుకోవడానికి. కట్ట తిరిగి ఇచ్చాను, ఒక షరతుతో. ‘నాకూ నేర్పు.’

ఆట కాని ఆట

దీన్ని కార్డిస్ట్రీ అంటారు. కార్డు, ఆర్టిస్ట్రీ అనే రెండు మాటలు కలిపి చేసిన పేరు. ముక్కలను విసనకర్రలా విప్పడం, ఒంటిచేత్తో కోయడం, ఒక చేతి నుంచి ఇంకో చేతికి దూకించడం, కట్టను నాలుగైదు భాగాలుగా విడదీసి వేళ్ల మధ్య తిప్పి మళ్లీ ఒక్కటి చేయడం ఇందులో ఉంటాయి. గెలుపోటములు ఉండవు. మేజిక్‌లోలా ఏదీ దాచిపెట్టేదీ ఉండదు. చేసేదంతా కళ్లముందే జరుగుతుంది.

దీని మూలాలు మాత్రం అంత అమాయకమైనవి కావు. 1902లో అమెరికాలో ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో ఒకాయన రాసిన పుస్తకం ఈ విద్యకు పాతగ్రంథం లాంటిది. అందులో సగం పేకాటలో మోసాల గురించే! తర్వాత ఆ వేళ్ల నేర్పును మెజీషియన్లు వేదికల మీదకు తెచ్చారు. బి.వి. పట్టాభిరామ్ ప్రదర్శనలు చూస్తూ పెరిగిన మన తరానికి మేజిక్ కొత్తేమీ కాదు. 2000 తర్వాత డాన్, డేవ్ బక్ అనే అమెరికన్ కవల సోదరులు, వారిలాంటి మరికొందరు యువకులు మేజిక్‌ను పక్కనపెట్టి, విన్యాసాన్ని మాత్రమే వీడియోలుగా తీశారు. అవి చూసి నేర్చుకునే పిల్లలు దేశదేశాల్లో తయారయ్యారు.

పేకముక్కను కళగా చూడటం మనకూ తెలియనిది కాదు. నిర్మల్ కళాకారులు ఒకప్పుడు గంజిఫా అనే గుండ్రటి ముక్కల మీద చేత్తో బొమ్మలు వేసేవారు. ముక్కలో ఎప్పుడూ దోషం లేదు. దాని మీద పెట్టే డబ్బుతోనే తంటా.

తునికాకు కట్ట

కార్డులు పట్టిన రెండో వారానికే నాకు విసుగొచ్చింది. నలభై ఆరేళ్ల వేళ్లు చెప్పినమాట వినలేదు. సరిగ్గా అలాంటప్పుడే ఓ కోయ తల్లి చేతులు గుర్తొచ్చాయి.

అంతకుముందు వేసవిలో దుమ్ముగూడెం వైపు ఓ గూడెంలో మెడికల్ క్యాంపు పెట్టాం. తునికాకు సీజను. బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒకావిడ తన వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోలేదు. ఒళ్లో ఆకుల కుప్ప. పక్కావిడతో మాట్లాడుతూనే ఆకులను ఒక్కొక్కటిగా సర్ది, యాభై కాగానే కట్ట కట్టి పక్కన పెడుతోంది. ఒక్కసారి కూడా చేతుల వైపు చూడలేదు. ‘ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?’ అని అడిగితే నవ్వింది. ‘చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూచొని. నేను కట్టిన కట్ట అమ్మ విప్పి మళ్లీ లెక్కబెట్టేది. ఒకటి తక్కువొచ్చేది, ఒకటి ఎక్కువొచ్చేది. కొన్నాళ్లకు లెక్కబెట్టడం మానేసింది.’

యాభై ఆకులు, యాభై రెండు ముక్కలు. ఆమె చేతికి ఆకు ఎలా అలవాటైందో నా చేతికి ముక్కా అలాగే అలవాటవ్వాలి. నిదానంగా, తప్పులతో, మళ్లీ విప్పి మళ్లీ కట్టుకుంటూ. ఇందులో అడ్డదారి లేదు.

లోపల ఏం జరుగుతుంది?

ఒక చేతిలో 27 ఎముకలు ఉంటాయి. వేళ్లను కదిపే కండరాలు వేళ్లలో ఉండవు. అవి అరచేతిలో, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లు అనే తాళ్లు మణికట్టు మీదుగా సన్నని గొట్టాల్లాంటి తొడుగుల్లోంచి వేళ్ల దాకా వస్తాయి. తోలుబొమ్మలాటలో కదిలించే చెయ్యి తెర వెనక ఉన్నట్టన్నమాట. అందుకే వేళ్లతో ఎక్కువసేపు పనిచేస్తే ముంజెయ్యి లాగుతుంది, మణికట్టు నొప్పెడుతుంది.

ఇక మెదడు. కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ పెన్‌ఫీల్డ్ 1937లో చూపించినదాని ప్రకారం, మెదడు పైపొరలో చేతివేళ్లకు దక్కిన చోటు వీపు మొత్తానికి దక్కిన చోటు కంటే చాలా ఎక్కువ. కొత్త చేతిపని మొదలుపెట్టినప్పుడు మెదడు ప్రతి కదలికనూ తానే దగ్గరుండి నడిపిస్తుంది. అందుకే పది నిమిషాలకే అలసట వస్తుంది. సాధన కొద్దీ ఆ పని ఆలోచన అక్కర్లేని అలవాటుగా మారుతుంది. కోయ తల్లి కబుర్లు చెబుతూ కట్ట కట్టగలగడం వెనక రహస్యం ఇదే.

జర్మనీ పరిశోధకులు 2004లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. బంతులు ఎగరేసి పట్టే విద్య రానివారికి మూడు నెలలు అది నేర్పి, ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీశారు. కదలికలను చూసి గుర్తించే భాగాల్లో మార్పు కనిపించింది. తర్వాత మూడు నెలలు సాధన మానేస్తే ఆ మార్పు తగ్గుముఖం పట్టింది. పెద్దవాళ్ల మెదడూ మారుతుంది, వదిలేస్తే ఆ మార్పు నిలవదు అని దీని సారాంశం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పేకముక్కలు తిప్పితే మతిమరుపు రాదని, పక్షవాతం నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది మందు కాదు. చేతికి, చూపుకు, ఓపికకు మంచి పని. అంతవరకే.

మొదటి నెల ఇలా...

ఏం కొనాలి: ఖరీదైన కట్ట అక్కర్లేదు. కాగితం అట్టతో చేసి పైన నున్నటి పూత ఉన్న మామూలు కట్ట చాలు. పూర్తి ప్లాస్టిక్ ముక్కలు చెయ్యి చెమర్చినప్పుడు జారిపోతాయి. పెద్ద సైజు ముక్క వెడల్పు 63 మిల్లీమీటర్లు, చిన్న సైజుది 57. చెయ్యి చిన్నదైతే చిన్నదే తీసుకోండి. మన ఎండల్లో చేతి చెమటకు ముక్కలు ఉబ్బుతాయి. మొదలుపెట్టేముందు చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోండి. పౌడర్ చల్లుకోవద్దు. ముక్కలూ పాడవుతాయి, ఆ పొడి ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

ఎక్కడ చేయాలి: మంచం పక్కన, పరుపు మీదుగా చేతులు ఉండేలా నిలబడండి. జారిన ముక్కలు పరుపు మీదే పడతాయి. వందసార్లు నేలకు వంగి ఏరుకుంటే చేతికన్నా ముందు నడుము పోతుంది.

మొదటి వారం - పట్టు: ఎడమ అరచేతిలో కట్టను పెట్టుకోండి. చూపుడువేలు ముందంచున, మిగతా మూడు వేళ్లు కుడి పక్కన, బొటనవేలు ఎడమ అంచున ఉండాలి. ముక్కలు కదలకుండా ఆపేంత పట్టు చాలు, గట్టిగా బిగించొద్దు. బిగిస్తే గోళ్ల కింద తెల్లబడుతుంది. అదే మీకు గుర్తు. టీవీ చూస్తూ కూడా ఊరికే పట్టుకుని కూర్చోవచ్చు.

రెండో వారం - స్వింగ్ కట్: కుడిచేత్తో కట్టను పైనుంచి పట్టుకోండి. బొటనవేలు మీ వైపు అంచున, మిగతా వేళ్లు అవతలి అంచున ఉండాలి. చూపుడువేలితో పై సగాన్ని మూల దగ్గర లేపి తలుపులా ఎడమవైపు తిప్పండి. అది ఎడమచేతి బొటనవేలి సందులోకి వస్తుంది. మిగతా సగాన్ని దాని మీద పెట్టండి. చూడ్డానికి బాగుంటుంది, త్వరగా వస్తుంది. మొదలుపెట్టేవారికి ఉత్సాహాన్నిచ్చేది ఇదే.

మూడో వారం - విసనకర్ర: కట్ట కింది భాగాన్ని ఎడమచేతి బొటనవేలికీ వేళ్లకూ మధ్య తేలిగ్గా పట్టుకోండి. కుడి బొటనవేలిని పై ఎడమ మూలన ఆనించి, అర్ధచంద్రాకారంలో కుడివైపు జరపండి. సగంలో ముద్దగా ఆగిపోతే ఎక్కువ నొక్కుతున్నారన్నమాట. బలం తగ్గించండి.

నాలుగో వారం - ఒంటిచేతి కోత: దీన్నే చార్లియర్ కట్ అంటారు. మా అబ్బాయి ఆ రోజు చేస్తున్నది ఇదే. అరచేతికి తగలకుండా వేళ్ల కొసల మీద కట్టను పట్టుకోండి. ఒక పొడవాటి అంచున బొటనవేలు, ఎదుటి అంచున నడిమివేలు, ఉంగరపువేలు ఉండాలి. బొటనవేలిని కాస్త సడలిస్తే కింది సగం అరచేతిలోకి వాలుతుంది. ఇప్పుడు చూపుడువేలిని కిందికి మడిచి, వాలిన సగం అంచును బొటనవేలి వైపు పైకి తోయండి. అది దాటగానే పై సగం కిందికి జారుతుంది. వేలు తీసేస్తే మూసుకుంటుంది. మొదట కట్టలో సగం ముక్కలతోనే చేయండి. తేలిక.

ముక్కలను ఒక చేతి నుంచి ఇంకో చేతికి ధారలా దూకించే ‘స్ప్రింగ్’ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. దానికి ముక్కలను గట్టిగా వంచి నొక్కాలి. అలవాటులేని బొటనవేలి మీద భారం పడుతుంది.

వీడియో చూసి నేర్చుకుంటే సగం వేగంతో రెండుసార్లు చూసి, ఫోన్ పక్కన పెట్టేయండి. ఎదురుగా కూర్చుని చూపించేవారి కుడి మనకు ఎడమ అవుతుంది. భుజం మీదుగా తీసిన వీడియోలైతే ఆ తికమక ఉండదు.

ఎంతసేపు?

బ్రిటన్ తపాలా శాఖ తన ఉద్యోగులకు టైపింగ్ కీబోర్డు నేర్పించాల్సి వచ్చినప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్తలు వారిని నాలుగు జట్లుగా చేశారు. కొందరికి రోజుకు ఒక గంట, కొందరికి రెండు విడతల్లో నాలుగు గంటలు శిక్షణ. 1978లో ఫలితాలు ప్రచురించారు. లెక్కవేస్తే, రోజుకు గంటే నేర్చుకున్నవారికి మిగతావారికన్నా తక్కువ గంటల్లోనే కీబోర్డు పట్టుబడింది. తమాషా ఏమిటంటే, అందరికన్నా అసంతృప్తిగా ఉన్నది వాళ్లే! రోజులు ఎక్కువ పడుతున్నాయి కదా, వెనకబడిపోతున్నామనుకున్నారు.

మనకూ అలాగే అనిపిస్తుంది. మోసపోవద్దు. నిద్ర కూడా సాధనలో భాగమే. వేళ్లతో ఒక వరస తప్పకుండా మీటడం నేర్చుకున్నవారు, రాత్రి నిద్రపోయి లేచాక, మళ్లీ సాధన చేయకపోయినా మరింత వేగంగా మీటగలిగారని 2002లో అమెరికా పరిశోధనలో తేలింది. రాత్రి రాని కోత పొద్దున్నే వచ్చిందంటే ఆశ్చర్యపోకండి.

నా సలహా: రోజుకు పదిహేను నిమిషాలు. ఐదేసి నిమిషాల చొప్పున మూడు విడతలు. మధ్యలో చేతులు దులిపి, పిడికిలి మూసి తెరిచి, మణికట్టును నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. రెండు చేతులకూ పని చెప్పండి. వారానికి ఒక రోజు సెలవు.

నేను చేసిన తప్పు

ఈ సలహా నేనే పాటించలేదు. మూడో నెలలో ఒక ఆదివారం, వర్షం పడుతోంది, డ్యూటీ లేదు. ఒంటిచేతి కోత ఎడమచేత్తో పట్టుబడేదాకా వదలకూడదనుకున్నాను. రెండున్నర గంటలు చేశాను. వచ్చింది కూడా. మర్నాడు ఉదయం ఇడ్లీ పిండి గిన్నె ఎత్తబోతే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన కత్తితో గీసినట్టు నొప్పి. గిన్నె వదిలేశాను.

డాక్టర్లు చెడ్డ పేషెంట్లు. పది రోజులు ఎవరికీ చెప్పకుండా, రెండు మాత్రలు మింగుతూ సాధన కొనసాగించాను. స్టెతస్కోపు పట్టుకోవడమే కష్టమయ్యాక ఆర్థోపెడిక్స్ సహోద్యోగికి చూపించాను. డి కెర్వెయిన్ సమస్య అన్నారు. స్విట్జర్లాండ్ సర్జన్ డి కెర్వెయిన్ 1895లో వర్ణించారు కాబట్టి ఆ పేరు. బొటనవేలి టెండన్లు వచ్చే తొడుగు వాచి, దారి ఇరుకవుతుంది. పసిబిడ్డను పదే పదే ఎత్తుకునే తల్లుల్లో ఇది ఎక్కువ. గంటల తరబడి బొటనవేలితో ఫోన్ వాడేవారికీ నొప్పి పెరుగుతుంది.

ఇంట్లోనే అనుమానించవచ్చు. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించండి. పిడికిలిని నెమ్మదిగా చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర చురుక్కున నొప్పి పుడితే డాక్టరుకు చూపించుకోవాలి. ఇది పరీక్షకు మొదటి మెట్టే, నిర్ధారణ కాదు.

ఆరు వారాలు బొటనవేలికి ఆసరా పట్టీ కట్టుకున్నాను. ముక్కలు ముట్టలేదు. చాలామందికి విశ్రాంతి, పట్టీ, కొద్దిరోజుల మందులతో తగ్గుతుంది. తగ్గకపోతే ఇంజెక్షన్, అరుదుగా చిన్న ఆపరేషన్ అవసరమవుతాయి. నొప్పి మాత్రలు సొంతంగా రోజుల తరబడి మింగడం మాత్రం కడుపుకు, కిడ్నీలకు ముప్పు. నేను చేసింది అదే కాబట్టి నొక్కి చెబుతున్నాను. మా అబ్బాయి ఒక్కటే మాట అన్నాడు: ‘వేరేవాళ్లు ఇలా చేస్తే నువ్వేమంటావమ్మా?’

వీళ్లు జాగ్రత్త

షుగర్ ఉన్నవారు: నమస్కారం పెట్టి చూసుకోండి. రెండు అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనుకోవాలి. వేళ్ల మధ్య ఖాళీ మిగిలితే కీళ్లు బిగుసుకుంటున్నాయేమో చూపించుకోవాలి. చాలాకాలంగా షుగర్ ఉన్నవారిలో ఇది కనిపిస్తుంది. వేలు మడిచాక టక్కున ఇరుక్కుపోయే ట్రిగ్గర్ ఫింగర్ కూడా వీరిలో ఎక్కువ.

తిమ్మిర్లు ఉన్నవారు: రాత్రుళ్లు బొటన, చూపుడు, నడిమి వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుండొచ్చు. ముక్కలు పక్కనపెట్టి ముందు పరీక్ష చేయించుకోండి.

కీళ్లవాతం ఉన్నవారు: పొద్దున లేచాక గంటసేపు వేళ్లు మడవలేకపోతున్నా, కీళ్లు వాచినా సాధన మొదలుపెట్టొద్దు. చికిత్సతో అదుపులోకి వచ్చాక డాక్టర్ని అడిగి చేయొచ్చు.

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు: మీ ఫిజియోథెరపీకి ఇది ప్రత్యామ్నాయం కాదు. ఫిజియోథెరపిస్టు సరేనంటే ముక్కలను ఒక్కొక్కటిగా తిప్పడం, రంగుల వారీగా పేర్చడంతో సరిపెట్టుకోండి.

గ్లాసు జారితే మాత్రం...

సాధనలో ముక్క జారినా ఫర్వాలేదు. కానీ ఎప్పుడూ జారని వస్తువు ఉన్నట్టుండి చేతిలోంచి జారితే ఫర్వాలేదనుకోవద్దు.

ఓ రిటైర్డు టీచరుగారి చేతిలోంచి సాయంత్రం టీ గ్లాసు జారింది. ‘చెయ్యి తిమ్మిరెక్కింది, పడుకుంటే పోతుంది’ అనుకున్నారు. తెల్లారేసరికి కుడిచెయ్యి లేవలేదు, మాట రాలేదు. మా దగ్గరకు తెచ్చేసరికి పద్నాలుగు గంటలు గడిచిపోయాయి. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు లోపలి ఊళ్ల నుంచి స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరడానికే అందులో ఎంతో సమయం పోతుంది. ఇక ఇంట్లో ఆలోచించుకోవడానికి టైమెక్కడ?

ఒక్కసారిగా ఒక చెయ్యి బలహీనపడినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా గంట చూసుకుని 108కి ఫోన్ చేయండి. లక్షణం ఎప్పుడు మొదలైందో డాక్టరుకు చెప్పండి. కాసేపటికి తగ్గిపోయినా సరే, వెళ్లాల్సిందే.

సరదాకూ, పందేనికీ మధ్య గీత

చట్టం సంగతి క్లుప్తంగా. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. ఫోన్లలోకి డబ్బు పందేలు వచ్చాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. జూదాన్ని మానుకోలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో చేర్చింది. అంటే అది చెడు బుద్ధి కాదు. చికిత్స ఉన్న సమస్య.

మరి ఇంట్లో తేడా ఎలా తెలుసుకోవాలి? ముక్కలు తిప్పే పిల్లవాడు మీకు చూపించాలనుకుంటాడు. ‘ఒక్కసారి చూడమ్మా’ అని వెంటపడతాడు. జూదంలో పడ్డవాడు దాస్తాడు. ఫోన్ బోర్లా పెట్టడం, రాత్రుళ్లు మెలకువ, చిన్నచిన్న అప్పులు, వస్తువులు మాయమవడం, పోయిన డబ్బు రాబట్టాలనే ఆరాటం, అడిగితే చిరాకు. వీటిలో రెండు మూడు కనిపిస్తే తిట్లతో మొదలుపెట్టకండి. ‘ఎంత పోయింది?’ అని అడిగేముందు ‘నువ్వెలా ఉన్నావు?’ అని అడగండి. చచ్చిపోతాననే మాట వస్తే బెదిరింపని కొట్టిపారేయకండి, మనిషిని ఒంటరిగా వదలకండి. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

ఇక పిల్లలు ముక్కలతో సాధన చేస్తుంటే మా ఇంట్లో పెట్టుకున్న నియమాలు ఇవి: చదువు, నిద్ర తర్వాతే. తలుపు తీసి ఉన్న గదిలోనే. రూపాయి మాట వస్తే ఆ రోజుతో కట్ట అల్మరాలోకి. నొప్పి వస్తే దాచకూడదు. ఈ చివరి నియమం నా కోసం వాడు చేర్చాడు.

ఉగాదికి నాన్న మా ఇంటికి వచ్చారు. చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే గదిలో మనవడు ముక్కలు తిప్పుతూ ఆయన కంటపడ్డాడు. నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. నాన్న ఏమీ అనలేదు. మంచం అంచున కూర్చుని కాసేపు చూశారు. వాడు విసనకర్ర విప్పబోతే ముక్కలన్నీ చెల్లాచెదురయ్యాయి. ‘సారీ తాతయ్యా’ అంటూ వాడు ఏరసాగాడు. నాన్న తన వైపు పడ్డవి తీసి, వాడు ఏరినవి కూడా అందుకుని, బొటనవేలితో టకటకా జరుపుతూ లెక్కపెట్టారు. వేళ్ల వైపు చూడనేలేదు.

‘ఒకటి తక్కువుందిరా. మంచం కింద చూడు’ అని కట్ట వాడి చేతిలో పెట్టేశారు.